గండికోట చలికి మా బండికి చెమట పట్టింది

"చలికని బండికి గుడ్డ కప్పమని అడిగినోళ్లు ఇంతవరకు ఎవురూ రాలేదప్పా" అన్నాడు అనంతపురం బైపాస్ పక్కన బాడీ పని చేసే మేస్త్రీ. ఆయన మాటలో తప్పు లేదు. మే నెలలో 42 డిగ్రీలు దాటినా మామూలే అనుకునే ఊరు మాది. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లంతా ఏసీ అడుగుతారు, పైకప్పుకు తెల్ల రంగు అడుగుతారు. నేను పోయి చలి అనేసరికి ఆయన నవ్వాడు, పక్కన వెల్డింగ్ చేస్తున్న కుర్రాడూ నవ్వాడు.

మా బండి పాత టెంపో ట్రావెలర్. ఒకప్పుడు పెళ్లిళ్లకూ తిరుమలకూ జనాన్ని మోసింది. రెండేళ్ల కిందట కొని సీట్లు పీకించి, వెనక మంచం, పక్కన చిన్న వంట గట్టు, కింద నీళ్ల ట్యాంకు, లైట్లకూ ఫ్యానుకూ రెండో బ్యాటరీ పెట్టించాను. (ఇలా బండిని మార్చేవాళ్లు ముందే ఆర్‌టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ దీని గురించే. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఇన్సూరెన్స్ దగ్గర దొరికిపోతాం.) ఎండల్లో, వానల్లో బాగానే తిరిగాం. చలికాలంలో మాత్రం ఎప్పుడూ రాత్రి బండిలో పడుకోలేదు. ఈసారి మా బావమరిది పట్టుబట్టాడు. "ఫిబ్రవరిలో మనాలి పోదాం బావా, మంచు చూద్దాం" అని. మనాలి సంగతి తర్వాత, ముందు మన సీమలోనే నాలుగు రాత్రులు పడుకుని చూద్దాం, బండిలో లోపాలేవో ఇంటి దగ్గరే బయటపడతాయి అన్నాను. ధనుర్మాసం మొదలైన వారంలో ఒక మంగళవారం బయలుదేరాలని అనుకున్నాం. శని, ఆదివారాలు గండికోటకు పోకూడదని వెనక ఒకసారి తెలుసుకున్నాం.

బయలుదేరేముందు చేయించిన పని ఇది. లోపలి ప్లైవుడ్ విప్పించి, రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య నల్ల నైట్రైల్ ఫోమ్ అతికించాం. ఏసీ రాగి పైపులకు చుట్టేది అదే సరుకు. ఏసీ సామాన్లు అమ్మే షాపులో షీట్లుగా దొరుకుతుంది. మేస్త్రీ ముందు థర్మాకోల్ అన్నాడు, చవక అని. థర్మాకోల్ బండి కుదుపులకు ముక్కలై కీచుకీచుమంటుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది, వద్దన్నాను. దూదిలాంటి గ్లాస్‌వూల్ కూడా వద్దన్నాను, తడి పీలిస్తే ఇక ఆరదు. నైట్రైల్ ఫోమ్‌లో గాలి చిన్న చిన్న మూసిన బుడగల్లో ఉండిపోతుంది. నీళ్లు లోపలికి పోవు, వేడీ చలీ తొందరగా దాటలేవు. కిటికీలకు వెండి రేకున్న బబుల్ షీటు కొలతకు కోయించి, అంచుల్లో అయస్కాంతం పట్టీలు కుట్టించాను. తలుపు రబ్బరు బీడింగ్ మార్చాం. పైకప్పు మీద గాలి కోసం ఉన్న మూతకు టేపు వేసేశాం. పొయ్యి వెనక ఉన్న రెండు గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కేశాం. చీమ దూరే సందు కూడా మిగల్లేదని నేను చాలా గర్వపడ్డాను. కూలితో కలిపి 38 వేలు అయింది.

ఒక్కచోట మేస్త్రీ పొదుపు చేశాడు, నేనూ ఊరుకున్నాను. రేకు పలకల మీద ఫోమ్ పరిచాడు గానీ, పలకల మధ్య ఇనుప పిల్లర్ల మీద, పైకప్పు అడ్డపట్టీల మీద వేయలేదు. "అవి ఎట్లా ప్లైవుడ్ కిందికే పోతాయి గదప్పా" అన్నాడు. సరే అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

అమ్మ మాత్రం ఈ పనులేవీ పట్టించుకోలేదు. పెట్టెలో నుంచి రెండు నల్ల కంబళ్లు తీసి బండిలో వేసింది. కళ్యాణదుర్గం వైపు కురుబవాళ్లు మగ్గం మీద నేసినవి, మా నాయన కాలంనాటివి. గరుకు, పైగా గొర్రె వాసన. నా భార్య అప్పటికే ఆన్‌లైన్‌లో రెండు మెత్తటి పాలియెస్టర్ రజాయిలు తెప్పించింది. "ఈ వాసనలో నేను పడుకోలేనండీ" అంది. కంబళ్లు మంచం కిందికి పోయాయి.

తాడిపత్రి మీదుగా గండికోట పోయాం. తాడిపత్రిలో చింతల వెంకటరమణ స్వామి గుడి చూసి, ఉగ్గాణి బజ్జీ తిని, జమ్మలమడుగులో కూరగాయలు కొని ట్యాంకు నిండా నీళ్లు పట్టించుకున్నాం. బండిలో పోయేవాళ్లకు నా సలహా, నీళ్లు జమ్మలమడుగులోనే నింపుకోండి. పైకి పోయాక అడిగితే ఇస్తారు గానీ అది ఆ ఊరివాళ్ల అవసరానికి దాచుకున్న నీళ్లు. కోట లోపలికి దారి వంపులు తిరిగిన ద్వారం గుండా పోతుంది. ఎత్తైన బండితో అక్కడ ఎదురు బండి వస్తే వెనక్కి తీయడం టెన్షన్. అందుకే మేం కోట బయటే, పర్యాటక శాఖ హరిత హోటలుకూ డేరా క్యాంపులకూ నడుమ ఉన్న చదునులో, ఆ స్థలం చూసుకునే రైతును అడిగి నిలిపాం.

గండికోట చూడటానికి ఎంత బాగుంటుందో, బండిలో రాత్రి గడపడానికి అంత బాగుండదు. పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన గండి పక్కన కట్టిన కోట గనుక గండికోట అయింది. ఆ గండిలో నుంచే గాలి కూడా పైకి వస్తుంది. పొద్దున లోయ అంచున బండల మీద కూర్చుని కింద పెన్నా వంపు తిరగడం, మీద వెలుగు పడేకొద్దీ గోడల్లాంటి రాళ్లు ఎర్రబడటం చూస్తే చలి గుర్తుండదు. మాధవరాయ స్వామి గుడి గోపురం, జామియా మసీదు, పక్కనే ధాన్యాగారం, అన్నీ నడిచే దూరంలోనే. కానీ రాత్రి 11 తర్వాత గాలి లేచింది. థర్మామీటరులో బయట 15 డిగ్రీలే. మనాలి కుర్రాడెవడైనా చూస్తే నవ్వుతాడు. కానీ గాలి కొడితే ఆ 15 డిగ్రీలూ ఇంకా తక్కువ లాగా ఉంటాయి. కాబట్టి గండికోటలో బండి ముక్కు లోయ వైపు పెట్టండి. జారుడు తలుపు మాత్రం గాలికి చాటుగా ఉండేలా చూసుకోండి. మేం తెలియక అడ్డంగా నిలిపి రాత్రంతా ఊగాం.

అక్కడే ఒక డేరా క్యాంపు కుర్రాడు మాకు చలిమంట దగ్గర చోటిచ్చాడు. మంచివాడు. పడుకోబోయేటప్పుడు కుంపటి నిండా బొగ్గులు తెచ్చి "బండిలో పెట్టుకోండన్నా, ఎచ్చగా ఉంటాది" అన్నాడు. దండం పెట్టి వద్దన్నాను. వాడు నొచ్చుకున్నాడు కూడా. మూసిన బండిలో బొగ్గుల కుంపటి పెట్టడమంటే చావును పక్కలో పడుకోబెట్టుకోవడమే. బొగ్గు సరిగా కాలనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు మగత వస్తుంది. మంచి నిద్ర పట్టిందనుకుంటాడు మనిషి. ప్రతి చలికాలం కార్లో, గదిలో కుంపటి పెట్టుకుని పోయినవాళ్ల వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. మంట ఆరిపోయి ఎర్రగా నిగనిగలాడే బొగ్గులే ఎక్కువ ప్రమాదం. ఈ ట్రిప్పుకు కొన్నవాటిలో నేను డబ్బు లెక్క చూడనిది బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒక్కటే. తలాపి దగ్గర తగిలించాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు నా నుదుటి మీద చుక్క పడింది. వాన అనుకున్నాను. రెండో చుక్క చెవిలో పడ్డాక లైటు వేశాను. పైకప్పు ప్లైవుడ్ మీద గీత గీసినట్టు వరసగా నీటి చుక్కలు. ఎక్కడెక్కడ ఇనుప అడ్డపట్టీ ఉందో సరిగ్గా అక్కడే. మేస్త్రీ ఫోమ్ వేయని ప్రతి పట్టీనీ ఎవరో నీళ్లతో గుర్తుపెట్టినట్టు. స్క్రూల తలలు కూడా ఒక్కొక్కటి ఒక్కో చుక్క మోస్తున్నాయి. కిటికీ షీటు తీస్తే అద్దం మీద నుంచి నీళ్లు ధారగా కారాయి. నా భార్య కొత్త రజాయి పైభాగం చెమ్మగా, బరువుగా అయిపోయింది. పరుపు ఎత్తి చూస్తే కింద ప్లైవుడ్ మీద మనుషులు పడుకున్న ఆకారంలో తడి మరక.

బయట ఒక్క చుక్క వాన లేదు. ఆ నీళ్లన్నీ మావే. మనిషి నిద్రలో ఊపిరితో, ఒంటి నుంచి రాత్రికి ఒక గ్లాసుకు తక్కువ కాకుండా ఆవిరి వదులుతాడు. మేం ముగ్గురం. దానికి తోడు రాత్రి బండిలోనే సంకటి కెలికి, చారు కాచి, టీ పెట్టాం. గ్యాస్ మండినప్పుడు కూడా నీళ్లు పుడతాయని చాలామందికి తట్టదు. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైగా నీటి ఆవిరి గాల్లో కలుస్తుంది. కూరలో నుంచి వచ్చే ఆవిరి వేరే. ఇంట్లో అయితే కిటికీ సందుల్లో నుంచి పోతుంది. మా బండిలో చీమ దూరే సందు కూడా లేదు. వెచ్చటి గాలి చల్లటి ఇనుము తగలగానే నీళ్లయింది. చలి లోపలికి రాకూడదని 38 వేలు పెట్టి, మా ఊపిరినే లోపల బంధించుకున్నాం.

పొద్దునే మంచం కింద నుంచి అమ్మ కంబళ్లు తీశాం. వాసన గురించి నా భార్య ఏమీ అనలేదు. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం పోదు. మా రజాయి మాత్రం తడికి బరువెక్కి మమ్మల్ని వదిలేసింది. గొర్రెల కాపరులు పొలాల్లో మందతో పడుకుని మంచుకు తడిసీ ఆ కంబళినే ఎందుకు కప్పుకుంటారో అప్పుడు అర్థమైంది. పరుపు కింద మరక చూసి నా భార్యే ఇంకో మాట కూడా అంది. "మా జేజి నులక మంచం మీద పడుకునేది. కింద ఎప్పుడూ తడి ఉండేది కాదు కదండీ." నిజమే. నులక సందుల్లో నుంచి గాలి ఆడుతుంది. మేం పరుపును ప్లైవుడ్‌కు అతికించినట్టు వేశాం. ఒంటి వేడికి దిగిన చెమ్మకు పోయే దారి ఎక్కడిది?

బెలుం గుహలు గండికోట నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది, దారి పొడవునా నాపరాళ్ల క్వారీలు, లారీల దుమ్ము. అద్దాలు మూసుకునే పోవాలి. నేను గుహలను ఇదివరకు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఎండాకాలమే, లోపల చల్లగా ఉంటుందని ఆశపడి పోయి చెమటలు కక్కుతూ బయటికి వచ్చాను. ఈసారి చలిలో దిగాం. మెట్లు దిగిన కాసేపటికే స్వెటర్లు విప్పి నడుముకు కట్టుకున్నాం. గుహ లోతుల్లో వేడి ఏడాదిలో పెద్దగా మారదు, బయటి వాతావరణం ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. మన సీమలో ఆ సగటే ఎక్కువ. అందువల్ల చలికాలం పొద్దున బెలుం గుహ వెచ్చటి ఇల్లు.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. 1980ల మొదట్లో జర్మన్ల బృందం ఒకటి లోపల తిరిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనం తిరిగేది అందులో సగం లోపే. పాతాళగంగ దాకా దిగాం. సప్తస్వరాల గుహ దగ్గర గైడు రాతి ఊడలను కొట్టి మోగించాడు. బావమరిది వీడియో తీసుకున్నాడు. నా ధ్యాస మాత్రం వేరే దానిమీద పడింది. ఒకచోట గైడు పైకి చూపించి, "ఈడ నుంచి గాలి వదుల్తారు సార్, లేకుంటే ఇంతమంది లోపల నిలబడలేరు" అన్నాడు. తలెత్తి చూస్తే గాలి గొట్టం. కిలోమీటర్ల గుహకే ఊపిరాడటానికి గొట్టం పెట్టారు, నేను పదడుగుల పెట్టెకు ఉన్న రంధ్రాల్లో గుడ్డలు కుక్కాను. నా భార్య నా వైపు చూసి నవ్వింది. ఏమీ అనలేదు, అది ఇంకా కష్టం.

గుహల బయట పార్కింగ్ విశాలంగా, నీడగా ఉంది. పగలు వంట చేసుకోవడానికి, రజాయిలు ఆరబెట్టుకోవడానికి ఈ ట్రిప్పులో అంత మంచి చోటు ఇంకోటి దొరకలేదు. మధ్యాహ్నం ఎండకు పరుపు నిలబెట్టి, పైకప్పు మూత టేపు పీకేశాం. పొయ్యి వెనక గుడ్డలు కూడా తీసేశాం.

ఆ రాత్రి అవుకు జలాశయం దగ్గర పడుకున్నాం. ఆ చోటు గురించి పెద్దగా చెప్పేది లేదు. నీళ్లు అందంగా ఉన్నాయి, దోమలున్నాయి, రాత్రికి మంచు విపరీతంగా కురిసింది. నీటి పక్కన బండి నిలిపితే పొద్దున బండి కడిగినట్టు ఉంటుంది. ఈసారి పైకప్పు మూత రెండు వేళ్ల సందు, కిందుగా పొయ్యి వెనక రంధ్రాలు తెరిచి పెట్టాం. వెచ్చటి గాలి పైనుంచి పోతుంది, పొడి గాలి కింద నుంచి వస్తుంది. పైది ఒక్కటే తెరిస్తే సగం పనే. వంట బయట చేశాం. లోపల 3 డిగ్రీలు చలి పెరిగింది, నుదుటి మీద చుక్క మాత్రం పడలేదు. పట్టీల మీద సన్నగా చెమ్మ ఉంది, అంతే.

అక్కడ తప్పు చేసింది మా బావమరిది. ఇంటి దగ్గర నుంచి వెయ్యి వాట్ల ఫ్యాన్ హీటరు చెప్పకుండా తెచ్చాడు. ఇన్వర్టరుకు తగిలించాడు. వెయ్యి వాట్లంటే 12 ఓల్టుల బ్యాటరీ నుంచి 80 ఆంపియర్ల పైమాటే, ఇన్వర్టరు తినేది వేరే. మా బ్యాటరీ 100 ఆంపియర్ అవర్ల మామూలు యాసిడ్ బ్యాటరీ. దాంట్లో సగానికి మించి వాడితే అది తొందరగా పాడవుతుంది. అరగంట కాకముందే ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. లైట్లు లేవు, ఫ్యాను లేదు, ఫోను చార్జింగూ లేదు. ఇంజను బ్యాటరీ వేరేగా ఉండబట్టి పొద్దున స్టార్ట్ అయింది. రెండు బ్యాటరీలను ఒకదానికొకటి కలిపేసుకునేవాళ్లు ఈ పేరా మళ్లీ చదవండి. అదే పని సిగరెట్ సాకెట్‌కు తగిలించే 12 ఓల్టుల వేడెక్కే దుప్పటి 4 ఆంపియర్లతో చేస్తుంది. గాలిని వేడిచేయడం కన్నా మనిషిని వేడిచేయడం ఎప్పుడూ చవక. ఇంకా చవకది స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడులో దూర్చి, కాళ్ల దగ్గర పెట్టుకోవడం. పొద్దున ఆ గోరువెచ్చటి నీళ్లతోనే మొహం కడుక్కోవచ్చు.

అవుకు నుంచి హార్స్‌లీ కొండకు ఒక పగలంతా పట్టింది. తెల్లారి బయలుదేరేముందు టైర్లు చూసుకున్నాం. మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి పొద్దున చలికి తగ్గుతుంది. సుమారు ఐదున్నర డిగ్రీలకు ఒక పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) చొప్పున తగ్గుతుందని లెక్క. బరువు బండికి మూడు పీఎస్ఐ తేడా కూడా స్టీరింగులో తెలుస్తుంది. పొగమంచులో లారీల వెనక నెమ్మదిగా పోయాం. హైబీమ్ వేస్తే మంచు తెల్ల గోడలా నిలబడుతుంది, డిమ్‌లోనే పోవాలి. కదిరిలో భోజనం.

మదనపల్లెలో ఆగాల్సిన పని పడింది. ఘాట్ రోడ్డు ఎక్కేముందు రేడియేటరు చూపిద్దామని ఒక చిన్న మెకానిక్ దగ్గర నిలిపాం. ఆయన మూత తీసి వేలు ముంచి, నా మొహం చూశాడు. "ఇది ఉత్త నీళ్లే సార్." రెండు నెలల కిందట మా ఊళ్లో ఒక సర్వీసు సెంటరులో కూలెంట్ మార్చామని బిల్లు వేశారు, నేను డబ్బు కట్టాను. బిల్లు ఇంకా నా దగ్గరే ఉంది. మన దగ్గర ఉత్త నీళ్లతో కూడా బండి నడుస్తుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. తుప్పు మాత్రం పడుతుంది. అదే నీళ్లతో మనాలి పోయుంటే ఒక్క రాత్రికి గడ్డకట్టి, ఉబ్బి, ఇంజను బ్లాకునే పగలగొట్టేది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే మైనస్ 35 దాకా గడ్డకట్టదు. ఆ మెకానిక్ పాత నీళ్లు వంపేసి, రెండుసార్లు కడిగి, సరైన కూలెంట్ పోశాడు. ఈ మొత్తం యాత్రలో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు అదే.

హార్స్‌లీ కొండ దాదాపు 1,265 మీటర్ల ఎత్తు. అనంతపురం కన్నా 900 మీటర్లు పైన ఉన్నట్టు. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది గనుక మా ఊళ్లో 16 ఉంటే అక్కడ 10. ఎండ తట్టుకోలేక అప్పటి కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్లో మదనపల్లె ప్రాంతమంతా కడప జిల్లానే. మన పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ కథ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. నీలగిరి చెట్ల వాసన మీద పడుతుంటే మా బావమరిది "ఇదే మనాలి బావా, ఇంక ఆడికెందుకు" అన్నాడు. వాడికి అప్పటికే చలి పట్టింది.

ఇక్కడ రెండు రాత్రులున్నాం. పర్యాటక శాఖ రిసార్టులో ఒక గది తీసుకుని, బండి ఆవరణలో నిలుపుకున్నాం. గది స్నానానికి, టాయిలెట్‌కు. పడక మాత్రం బండిలోనే. ఖర్చు పెరిగినా చలికాలంలో నేను అందరికీ చెప్పేది ఈ పద్ధతే. చలిలో బండి బతుకు కష్టమయ్యేది నిద్ర దగ్గర కాదు, తెల్లవారుజామున వేడినీళ్ల దగ్గర. కింద దారిలో వెనక ఒకసారి ఒక ప్రైవేటు క్యాంపులో 24 గంటలూ వేడినీళ్లు అని బోర్డు చూసి డబ్బు కట్టాం. పొద్దున ఆరింటికి అడిగితే "సోలార్ సార్, ఎండొచ్చినాక" అన్నారు. గదికి ముందు గీజరు ఉందా, సోలారా అని అడగండి.

గాలిబండ దగ్గర పొద్దుగూకేటప్పుడు నిలబడితే దానికా పేరు ఎందుకు వచ్చిందో చెవులకే తెలుస్తుంది. బండిని అక్కడికి దగ్గరగా నిలపకండి, చెట్ల వెనకాలే మేలు. కోతులు చాలా ఉన్నాయి. పైకప్పు మూత రెండు వేళ్ల సందులో నుంచి ఒక కోతి చెయ్యి లోపలికి వచ్చింది. మా అరటిపళ్లు పోయాయి. లోపల నుంచి ఇనుప జాలీ బిగించాలని నా పుస్తకంలో రాసుకున్నాను.

మొదటి రాత్రి మాకు ఇంకో చిన్న పాఠం. టీ కోసం తెచ్చిన చిన్న డబ్బా గ్యాస్ పొయ్యి పొద్దున నీలం మంట చూపించి నీరసపడిపోయింది. ఆ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. సున్నా డిగ్రీలకు దగ్గరైతే అది ఆవిరే కాదు. 10 డిగ్రీల్లో కూడా మండేకొద్దీ డబ్బా తనంతట తనే చల్లబడి ఒత్తిడి తగ్గిపోతుంది. రెండు చేతుల మధ్య డబ్బాను కాసేపు పట్టుకుంటే మళ్లీ మండింది. మంట దగ్గర పెట్టి వేడిచేసే తెలివి మాత్రం ఎవరికీ వద్దు. మన 5 కిలోల సిలిండరులో ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది. దానికి ఈ చలి ఒక లెక్క కాదు.

రెండో రాత్రికి అన్నీ కుదిరాయి. పరుపు కింద మదనపల్లెలో కొన్న కొబ్బరి పీచు చాపలు రెండు పరిచాం. ఒంటికి దగ్గరగా కంబళి, దాని మీద రజాయి. రాత్రి భోజనం గది బయట వండుకున్నాం. బయట 10, లోపల 16. పొద్దున లేచి ముందు పైకప్పు చూశాను. పట్టీల మీద చేతికి తగిలే చెమ్మ తప్ప చుక్క లేదు. ముగ్గురం ఏడున్నర దాకా నిద్రపోయాం. ఎప్పుడూ తొమ్మిదింటికి లేచే మా బావమరిది ముందు లేచి టీ పెట్టాడు.

చోట్ల గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. గండికోట చూడటానికి పోండి, పడుకోవడానికి హోటల్లోనో డేరాలోనో పడుకోండి. బండిలోనే అంటే గాలి లేని రాత్రి చూసుకోండి. బెలుం పగలు. అవుకు దారిలో పడితే సరే, దానికోసం పోనక్కర్లేదు. చలిలో బండిని పరీక్షించడానికి హార్స్‌లీని మించింది సీమలో నాకు కనిపించలేదు. చల్లగా ఉంటుంది, కానీ ఏదైనా తప్పు జరిగితే గంటలోపు కొండ దిగి మదనపల్లెలో ఉంటాం. శ్రీశైలం కూడా అనుకున్నాం గానీ దోర్నాల మీదుగా నల్లమల దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. అడవిలో ఎక్కడంటే అక్కడ నిలపడానికి కుదరదు, పులుల అభయారణ్యం. కొత్త బండికి అది చోటు కాదు.

మనాలికి చేయాల్సింది ఇంకా చాలా ఉంది. 10 డిగ్రీలు వేరు, మైనస్ 10 వేరు. అక్కడ కంబళ్లతో నెట్టుకురాలేం, పొగ గొట్టం బయటికి పోయే డీజిల్ హీటరు కావాలి. అది ట్యాంకులోని డీజిలే తాగుతుంది, బ్యాటరీ మీద భారం తక్కువ. కింద ఉన్న నీళ్ల ట్యాంకు, పైపులు రాత్రికి ఖాళీ చేయాలి, లేదా లోపలికి మార్చాలి. లిథియం బ్యాటరీ కొనమని బావమరిది అంటున్నాడు గానీ, అది సున్నా కన్నా తక్కువ చలిలో చార్జింగ్ తీసుకుంటే పాడవుతుంది, కాబట్టి దాన్నీ లోపలే పెట్టాలి. మన డీజిల్ గట్టి చలికి మైనం కట్టి ఫిల్టరులో అడ్డుపడుతుంది. మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లడాఖ్‌లో మొదలుపెట్టింది. మేం పోయేది మనాలి దాకానే కాబట్టి అంత అవసరం పడకపోవచ్చు, కానీ ట్యాంకు అడుగున మన డీజిల్ మిగలకుండా దారిలో చలి ఊళ్లలోనే నింపుకుంటూ పోవాలి.

ఒకటి మాత్రం లాభం. చలికని వేయించిన ఆ ఫోమ్, తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండ దగ్గర మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు బండి నిలిపితే తెలిసింది. బయట రేకు చెయ్యి కాలుతోంది, లోపల ఫ్యాను వేసుకుని హాయిగా నిద్రపోయాం. చలి మాకు మూడు వారాలు. ఎండ తొమ్మిది నెలలు. 38 వేలు ఎందుకు పెట్టానని నా భార్య ఇప్పుడు అడగడం లేదు.

అనంతపురం చేరిన మర్నాడే మేస్త్రీ దగ్గరికి పోయాను. పిల్లర్ల మీద, పట్టీల మీద కూడా ఫోమ్ వేయమన్నాను. మంచం ప్లైవుడ్‌కు జానెడుకొకటి చొప్పున రంధ్రాలు వేయమన్నాను. పైకప్పుకు జాలీ, పొయ్యి కింద ఇంకో రెండు గాలి రంధ్రాలు. ఆయన అన్నీ విని, బీడీ ఆర్పి, డ్రిల్లింగ్ మిషను కోసం కుర్రాణ్ని కేకేశాడు.

"నిన్న గదప్పా సందు లేకుండా మూయమన్న్యావు" అన్నాడు. "ఇప్పుడు తూట్లు పొడిచేదానికి మళ్లా కూలి ఇస్తావు. ఇట్లాంటి గిరాకీ నాకు రోజుకొకరొస్తే సాలు."